థైరాయిడ్ మాత్ర, అక్యుపంక్చర్ సూది: ఏది ఏ పని చేస్తుంది

థైరాయిడ్ తక్కువగా ఉందని తేలిన రోజున డాక్టర్ చెప్పే నాలుగు మాటల్లో మనసులో నాటుకుపోయేది ఒక్కటే: "జీవితాంతం వాడాలి." బీపీ, షుగర్ మాత్రలు ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకోవడం చూస్తూ పెరుగుతారు కాబట్టి వాటికి మనసు ముందే సిద్ధపడి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ వయసులో, పైకి ఏ జబ్బూ కనిపించని మనిషిని రోజూ పరగడుపున మాత్ర మింగి అరగంట కాఫీ ముట్టవద్దంటే అది శిక్షలాగే వినిపిస్తుంది. ఆ శిక్ష తప్పే దారి కోసం వెతకడంలో తప్పేమీ లేదు. విశాఖపట్నంలో ఆ వెతుకులాట చాలాసార్లు ఆర్కే బీచ్‌లో పొద్దుటి నడక దగ్గర మొదలవుతుంది. తోటి నడకదారుల్లో ఎవరో ఒకరు "మా వదిన సూదులు పెట్టించుకుంది, మాత్ర మానేసింది, రిపోర్టు కూడా బాగుంది" అంటారు.

ఆ మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. సూదులు పెట్టించుకోవడం నిజం, మాత్ర మానడం నిజం, రిపోర్టు బాగుండటమూ నిజమే కావచ్చు. సూది వల్లే రిపోర్టు బాగుపడిందా అన్నదే ఆగి ఆలోచించాల్సిన సంగతి.

అసలు "థైరాయిడ్ ఉంది" అనే మాట దగ్గరే తికమక మొదలవుతుంది. ఆ గ్రంథి అందరికీ ఉంటుంది. కంఠమణికి కాస్త దిగువన, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా శ్వాసనాళాన్ని హత్తుకుని ఉంటుంది, బరువు సుమారు ఇరవై గ్రాములు. దాని పని మందగిస్తే హైపోథైరాయిడిజం, మితిమీరితే హైపర్‌థైరాయిడిజం, గ్రంథి ఉబ్బితే గాయిటర్, అందులో గడ్డ కడితే నాడ్యూల్. మొదటి రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి హాని చేస్తుంది. అయినా జనం నోట అన్నిటికీ ఒకటే పేరు. "థైరాయిడ్‌కు సూది చికిత్స" అనే ప్రకటన కనిపించినప్పుడు, వీటిలో దేనికి అని అడగకుండా లోపలికి అడుగు పెట్టకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హైపో. దేశంలోని ఎనిమిది నగరాల్లో జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం పెద్దవాళ్ళలో ప్రతి వందమందికీ దాదాపు 11 మందికి అది ఉంది. ఆ ఎనిమిదింటిలో హైదరాబాద్, చెన్నై ఉన్నాయి, విశాఖ లేదు. ఇక్కడ చర్చ ఎక్కువగా హైపో చుట్టూనే తిరుగుతుంది.

థైరాయిడ్ గ్రంథి తయారుచేసే ప్రధాన హార్మోన్ థైరాక్సిన్. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి టీ4 అంటారు. శరీరం అందులోంచి ఒక అయోడిన్‌ను తీసి టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. గుండె వేగం, పేగుల కదలిక, ఒంటి వేడి, జుట్టు, నెలసరి, అన్నిటి మీదా దాని ప్రభావం ఉంటుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాక్సిన్ మోతాదును ఎప్పటికప్పుడు కనిపెట్టి చూస్తూ, అది తగ్గగానే, థైరాయిడ్‌ను పనిచేయమని పిలిచే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అందుకే రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పని తగ్గిందని అర్థం. ఈ తలకిందుల లెక్క ఎవరూ విడమర్చి చెప్పకపోవడం వల్ల, "పెరిగింది" అనే మాట విని పెరిగినదాన్ని అణచే చికిత్స కోసం తిరిగేవారు ఉన్నారు.

అయోడిన్ సరిపడా అందే చోట హైపోకు ముఖ్య కారణం, 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన జబ్బు. రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత గ్రంథి మీదే దాడి చేస్తుంది. హార్మోన్ తయారుచేసే కణాలు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నశిస్తూ పోతాయి. సముద్రం ఒడ్డున ఉంటూ చేపలు తినేవాళ్ళకు కూడా థైరాయిడ్ ఏమిటని విశాఖలో వినిపించే ఆశ్చర్యానికి జవాబు ఇక్కడే ఉంది: ఈ జబ్బు అయోడిన్ లోపం వల్ల వచ్చేది కాదు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన రాళ్ళ ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ చాలా స్వల్పం. నౌపడ ఉప్పు మళ్ళలోంచి వచ్చినా ఇంకెక్కడి నుంచి వచ్చినా, తయారీలో అయోడిన్ కలిపితేనే అది అయోడిన్ ఉప్పు. వంటింటికి చేరేసరికి పది లక్షల పాళ్ళ ఉప్పులో కనీసం 15 పాళ్ళ అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. "సహజమైనది" అని కలపని ఉప్పుకు మారిపోవడం వల్ల హషిమోటో తగ్గదు, పైగా ఇంట్లో పిల్లలకు కొత్త లోపం రావచ్చు.

ఇక సూది సంగతి. చైనాలో రెండు వేల ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్న అక్యుపంక్చర్ అనే ఈ పద్ధతికి ఆధారం "చీ" అనే ప్రాణశక్తి భావన. అది ఒంట్లోని 14 మార్గాల్లో ప్రవహిస్తుందని, అడ్డుపడిన చోట జబ్బు పుడుతుందని, ఆ మార్గాల మీద ఉన్న 361 బిందువుల్లో తగినవాటిని గుచ్చితే ప్రవాహం సర్దుకుంటుందని చెబుతారు. భారతదేశానికి దీన్ని తెచ్చినవారిగా గుర్తింపు పొందిన వ్యక్తి డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన భారత వైద్య బృందంలో ఆయన ఒకరు. 1959లో కలకత్తాలో ఈ చికిత్స మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లోనే దీనికి ప్రత్యేక చట్టం చేసుకుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా ప్రక్రియగా ఒప్పుకుంది.

థైరాయిడ్ అని వెళ్ళినా చాలాసార్లు సూది పడేది మెడ మీద కాదు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ వెడల్పు దిగువన, ఎముకకు బయటి పక్కన ఒక చోటు ఉంటుంది. చికిత్సకులు దాన్ని స్టమక్ 36 అంటారు. లోపలి చీలమండకు నాలుగు వేళ్ళ పైన మరొకటి, స్ప్లీన్ 6. స్పిరిట్ దూదితో తుడిచి, సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైకి తేలిన సూది మొనను చూపుడువేలితో ఒక్క తట్టు తడతారు. సూది మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇంజెక్షన్ సూదిలా మధ్యలో రంధ్రం ఉండదు, లోపల మందూ ఉండదు. మెల్లగా తిప్పుతుంటే చుక్క పెట్టినంత చోట మొదలైన లాగుడు కాలంతా బరువుగా పాకుతుంది. ఆ బరువు తెలియడమే సూది సరైన చోట పడిందనడానికి గుర్తని సంప్రదాయం చెబుతుంది. ఇరవై, ముప్ఫై నిమిషాలు అలా పడుకోబెడతారు. చాలామంది ఆ కాసేపట్లో నిద్రలోకి జారుకుంటారు. సూదికి భయపడేవాళ్ళకు బొటనవేలి మొదట్లో మెంతి గింజలు పెట్టి ప్లాస్టర్ అంటించే సుజోక్ కూడా ఇదే కోవలో ప్రచారంలో ఉంది.

ఈ సూది ఒంట్లోకి ఏ పదార్థాన్నీ చేర్చదు. చేయగలిగిందంతా నాడుల ద్వారానే చేయాలి. నాడుల ద్వారా అది కొంత చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. సూది నొప్పిని తగ్గించే తీరులో శరీరం సొంతంగా వదిలే ఎండార్ఫిన్లకు పాత్ర ఉందని 1970ల్లోనే గమనించారు. వాటిని అడ్డుకునే నాలాక్సోన్ మందు ఇచ్చినప్పుడు సూది ఇచ్చిన ఉపశమనం తగ్గిపోయింది. 39 అధ్యయనాల్లోని 20,827 మంది వివరాలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణలో వెన్ను, మెడ, మోకాలి నొప్పులు, తలనొప్పి వంటి దీర్ఘకాలిక నొప్పులకు ఉత్తుత్తి సూది కంటే అసలు సూది మెరుగ్గా పనిచేసినట్టు తేలింది. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి కూడా ఇది ఉపకరిస్తుంది. అక్యుపంక్చర్ అంటేనే బూటకం అని కొట్టిపారేసేవారు ఈ ఆధారాలను చూడాలి.

థైరాయిడ్ విషయంలో ఆధారాల బలం ఇంతగా లేదు. జరిగిన పరీక్షలు ఎక్కువగా చిన్నవి. చాలావాటిలో సూదితో పాటు మాత్ర కూడా ఇచ్చారు. తమకు ఏ చికిత్స అందుతోందో పాల్గొన్నవారికి తెలుసు. అలాంటి పరీక్షలో నీరసం తగ్గిందనో, నిద్ర బాగా పట్టిందనో జనం చెబితే అది నమ్మదగిన మాటే. నశించిపోయిన గ్రంథి కణాలు తిరిగి మొలిచాయనడానికి మాత్రం అది రుజువు కాదు. కాలి మీద గుచ్చిన సూది పిట్యూటరీని కదిలించి టీఎస్‌హెచ్‌ను పెంచినా హషిమోటో రోగికి ఒరిగేది లేదు. అతనిలో టీఎస్‌హెచ్ ఇప్పటికే ఎక్కువ. ఆ పిలుపు అందుకుని పనిచేయాల్సిన కణాలే కరువయ్యాయి.

ఈ సంగతి చైనా పాత వైద్యులకు వేరే దారిలో తెలిసినట్టే ఉంది. గొంతు వాపుకు, అంటే గాయిటర్‌కు, నాలుగో శతాబ్దంలో గె హోంగ్ చెప్పిన మందు సముద్రపు నాచు, అంటే నేటి మాటలో అయోడిన్. ఏడో శతాబ్దానికి చెందిన సున్ సిమియావో జంతువుల థైరాయిడ్ గ్రంథులను మందుగా వాడమన్నాడు. సూదిని ప్రాణంగా చూసుకున్న నేల మీదే, గొంతు వాపు విషయానికి వచ్చేసరికి ఒంటికి లేనిదాన్ని బయటి నుంచి అందించారు. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే చేసింది కూడా అదే. గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక మహిళకు ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆ చికిత్సతో ఆమె మరో 28 ఏళ్ళు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1927లో లండన్‌లో చార్లెస్ హారింగ్టన్ బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఈనాటి లీవోథైరాక్సిన్ మాత్రలో ఉన్న అణువుకూ, గ్రంథి తయారుచేసే టీ4కూ తేడా లేదు. అది స్టెరాయిడ్ అనీ, ఒంటికి అలవాటైపోతుందనీ ప్రచారం ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. చూపు తగ్గినవారు రోజూ కళ్ళజోడు పెట్టుకుంటే దాన్ని అలవాటు పడటం అనరు.

మరి మాత్ర మానేసినవారి రిపోర్టులు బాగుండటం ఎలా?

మొదటి కారణం కాలం. రక్తంలో ఉన్న టీ4 సగానికి తగ్గడానికి వారం రోజులు పడుతుంది. మాత్ర ఈ రోజు ఆపితే రేపు ఏమీ కాదు, వచ్చే వారమూ పెద్దగా తెలియదు. కొందరికి "మందుల భారం దిగిపోయింది" అన్న ఊరట కూడా కలుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సూదుల కోర్సు నడుస్తుంటే, ఆ ఊరట ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పనక్కరలేదు. టీఎస్‌హెచ్ స్థిరపడి అసలు పరిస్థితి బయటపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మూడో వారంలో చేయించిన పరీక్షను చూపి నయమైందనడం తొందరపాటు. ఆరు నెలల తర్వాత మలబద్ధకం, మొహం ఉబ్బు, మతిమరుపు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చేసరికి, వాటిని మానేసిన మాత్రతో ముడిపెట్టే ఆలోచన రాకపోవచ్చు.

రెండో కారణం, కొన్ని రకాల థైరాయిడ్ సమస్యలు వాటంతట అవే సర్దుకుంటాయి. టీఎస్‌హెచ్ 5, 6, 7 దగ్గర ఉండి, టీ4 మామూలుగా ఉన్న దశలో చాలామందికి మళ్ళీ పరీక్ష చేస్తే ఏ చికిత్సా లేకుండానే మామూలు అంకె రావచ్చు. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు మరో ఉదాహరణ: మొదటి నెలల్లో హార్మోన్ ఎక్కువై, తర్వాత తక్కువై, చాలామందిలో ఏడాది తిరిగేసరికి కుదుటపడుతుంది. బిడ్డను చంకన వేసుకుని సూదుల కోసం తిరిగిన తల్లికి నయమైతే ఆమె సంతోషం నిజమైనదే. అదే చికిత్సను పదేళ్ళుగా హషిమోటోతో ఉన్న అత్తగారికి సిఫారసు చేసినప్పుడు ప్రమాదం మొదలవుతుంది.

ఇక్కడ డాక్టర్ల వైపు నుంచీ ఒక మాట. స్వల్పంగా పెరిగిన ప్రతి టీఎస్‌హెచ్‌కూ మాత్ర అవసరం లేదు. 65 ఏళ్ళు, ఆ పైబడిన 737 మందితో జరిపి 2017లో ప్రచురించిన యూరప్ అధ్యయనంలో, ఇలాంటి స్వల్ప హైపోకు మాత్ర ఇచ్చినా నీరసం విషయంలో ఉపయోగం కనిపించలేదు. కాబట్టి "నాకు నిజంగా మాత్ర కావాలా, టీ4 ఎంత ఉంది, గ్రంథి మీద దాడిని పట్టిచ్చే యాంటీ టీపీఓ పరీక్ష చూశారా, మూడు నెలలు ఆగి చూడవచ్చా" అని అడగడం రోగి హక్కు. ఈ ప్రశ్న డాక్టర్ గదిలో అడిగే వీలు లేకపోవడం వల్లే కొందరు సూది గది వైపు నడుస్తున్నారు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే చోట దొరకని ఓపిక, అరగంట పక్కనే కూర్చుని నాడి పట్టుకుని మాట్లాడే మనిషి దగ్గర దొరుకుతుంది. ఆ తేడాను వైద్యులు మనసుకు తీసుకోవాలి.

మూడోది పరీక్ష జరిగే తీరు. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు; రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. మొదటి పరీక్ష పరగడుపున ఏడింటికి, రెండోది భోజనం తర్వాత మూడింటికి చేయిస్తే ఏ చికిత్సా లేకుండానే అంకె దిగవచ్చు. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలది ఇంకా పెద్ద చిక్కు. చాలా ల్యాబ్‌లు వాడే పరీక్ష పద్ధతిలో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను లేనంత తక్కువగా, టీ4ను లేనంత ఎక్కువగా చూపిస్తుంది. హైపో ఉన్నవారికి జుట్టు రాలడం మామూలే, బయోటిన్ వాడటమూ మామూలే. ఆ రిపోర్టు చూసి మాత్ర ఆపేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, పొద్దున ఒకే వేళకు రక్తం ఇవ్వాలి.

హైపో విషయంలో ఆలస్యం నెమ్మదిగా కీడు చేస్తుంది. హైపర్ విషయంలో అంత గడువు ఉండదు. బరువు తగ్గిపోతూ, చేతులు వణుకుతూ, గుండె దడదడలాడుతున్న గ్రేవ్స్ అనే హైపర్ జబ్బున్న రోగి, హార్మోన్‌ను తగ్గించే కార్బిమజోల్ మాత్ర ఆపేసి సూదుల మీద ఆధారపడితే గుండె లయ తప్పవచ్చు. హార్మోన్ ఉప్పెనలా ఎగసే థైరాయిడ్ స్టార్మ్ ప్రాణాలు తీయవచ్చు. కార్బిమజోల్ వాడుతున్నప్పుడు జ్వరం, గొంతు నొప్పి వస్తే "విషాలు బయటికి పోతున్నాయి" అని సరిపెట్టుకోకూడదు. తెల్ల రక్తకణాలు పడిపోయాయేమోనని అదే రోజు పరీక్ష చేయించాలి.

గర్భిణుల సంగతి ఇంతకంటే ముఖ్యం. కడుపులో బిడ్డ సొంత థైరాయిడ్ పన్నెండో వారం దాకా పని మొదలుపెట్టదు. అప్పటిదాకా బిడ్డ మెదడుకు కావాల్సిన హార్మోన్ తల్లి నుంచే రావాలి. అందుకే గర్భం అని తెలియగానే మాత్ర మోతాదు సాధారణంగా సుమారు పావు వంతు పెంచుతారు. ఆ వారాల్లో మాత్ర మానడం అంటే ఇద్దరికీ లోటు చేయడమే. పైగా స్ప్లీన్ 6 వంటి బిందువులను గర్భిణులకు గుచ్చకూడదని అక్యుపంక్చర్ సంప్రదాయమే చెబుతుంది. గర్భం సంగతి అడగకుండా అక్కడ సూది పెట్టేవారికి తమ విద్యే పూర్తిగా రాదన్నమాట.

మెడలో గడ్డ తగిలితే ముందు వెళ్ళాల్సింది అల్ట్రాసౌండ్‌కు. అవసరమైతే అక్కడా ఒక సన్నని సూదినే గుచ్చుతారు, కానీ అది బోలు సూది. గడ్డలోంచి కొన్ని కణాలను బయటికి లాగి, క్యాన్సర్ ఉందో లేదో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎఫ్‌ఎన్‌ఏసీ అనే ఆ పరీక్ష పేరు వింటేనే గడ్డ కదిలి పాకుతుందని భయపడి, అదే మెడ మీద అక్యుపంక్చర్‌కు సిద్ధపడటం విచారకరం. ఉబ్బిన గ్రంథికి రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, పక్కనే మెడ ధమని ఉంటుంది. ఆ చోట గుచ్చడం, అందులోనూ రక్తం పలుచబడే మందులు వాడేవారికి, చిన్న విషయం కాదు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. ప్రైవేటు ఖర్చుకు జంకేవారు ఆ మెట్లు ఎక్కవచ్చు.

ఇంత చెప్పాక కూడా సూదికి చోటు మిగిలే ఉంది. మాత్రతో టీఎస్‌హెచ్ కుదిరినా కొందరికి ఒళ్ళు నొప్పులు, మెడ పట్టేయడం, నిద్రలేమి, ఆందోళన వదలవు. అలాంటివారు మాత్ర కొనసాగిస్తూ, డాక్టర్‌కు చెప్పి, కొన్ని వారాలు అక్యుపంక్చర్ చేయించుకోవడంలో అభ్యంతరం లేదు. సూది ప్యాకెట్ కళ్ళ ముందే చించాలి, వాడిన సూది అక్కడే పారేయాలి. ఒకరి సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి దాకా వెళ్ళవచ్చు. మాత్రలు ఆపితేనే సూది పనిచేస్తుందని ఎవరైనా షరతు పెడితే, ఆ మంచం మీద పడుకోకుండా లేచి వచ్చేయాలి.

మాత్ర వాడుతున్నా పనిచేయడం లేదన్న నిరాశతో సూది వైపు వెళ్ళేవారు ముందు తమ మాత్రల సీసాను ఒకసారి చూసుకోవాలి. లీవోథైరాక్సిన్ వేడికీ, తేమకూ, వెలుతురుకూ తట్టుకోలేదు. విశాఖ గాలిలో ఏడాది పొడవునా ఉప్పు చెమ్మ ఉంటుంది. మే నెలలో వంటింటి అలమర లోపల కూడా ఉక్కపోతే. పొయ్యి పక్కన, కిటికీ గట్టు మీద, మూత వదులుగా పెట్టిన సీసాలో వంద మాత్రలు మూడు నెలలు గడిపితే చివరి మాత్రకు మొదటిదానంత బలం ఉండకపోవచ్చు. మూత బిగించి, అది వచ్చిన సీసాలోనే, పడకగదిలో నీడగా ఉండే చోట ఉంచాలి. ఫిల్టర్ కాఫీతో పాటు మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు. అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దుటి కాఫీని వదులుకోలేనివారు డాక్టర్‌ను అడిగి, రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. అది కూడా బాగానే పనిచేస్తుంది. ఈ మార్పులు చేసి, ఆరు వారాల తర్వాత పొద్దునే రక్తం ఇచ్చి చూస్తే, మోతాదు పెంచాలో అక్కర్లేదో ఆ అంకెను బట్టి డాక్టర్ చెప్పగలుగుతారు.